అమ్మానాయనలతో కూర్చుని ఏం చూడాలి: పాత సినిమానా, కొత్త సినిమానా, సీరియలా, సిరీసా?

పెద్దవాళ్లతో కలిసి చూడటానికి ఏది పెట్టాలని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే. మీ అమ్మగారు టీవీ ముందు కూర్చుని మాట్లాడతారా, మాట్లాడరా? దాదాపు అందరూ మాట్లాడతారు. "ఎవుర్రా ఈ పిల్ల?" "వాడు చచ్చిపోయినాడు గదా, మళ్లా ఎట్లొచ్చినాడు?" "ఈయమ్మ ఇప్పుడుండాదా, పోయిందా?" తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో సినిమా చూడటమంటే ఇదే. ఆ ప్రశ్నలకు మీకు విసుగొస్తోందంటే తప్పు అమ్మది కాదు, మీరు పెట్టిన సినిమాది. మధ్యలో మాట పడినా చెడిపోనిదే కలిసి చూడటానికి పనికొస్తుంది. అవార్డులు, రేటింగులు, ఆఫీసులో ఎవరో బాగుందన్న మాట, ఇవన్నీ ఆ తర్వాతి లెక్కలు.

ఆ లెక్కన సస్పెన్స్ సినిమా అన్నిటికన్నా కష్టమైనది. ఒక్క డైలాగు పోతే కథ పోతుంది. కథ తెలిసిన పౌరాణికం అన్నిటికన్నా తేలిక. మిగతావి ఈ రెండిటి మధ్యలో ఎక్కడో ఉంటాయి.

వయసు లెక్క సరిగ్గా వేయండి

పిల్లలు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పెద్దవాళ్లు అనగానే నలుపు తెలుపు సినిమా పెట్టేస్తారు. 'మాయాబజార్' వచ్చింది 1957లో. మీ అమ్మగారికి ఇప్పుడు 64 ఏళ్లనుకోండి, ఆ సినిమా వచ్చేసరికి ఆమె ఇంకా పుట్టనేలేదు. అది ఆమె సినిమా కాదు, వాళ్లమ్మ సినిమా. ఎవరికైనా పదిహేనుకూ పాతికకూ మధ్య చూసిన సినిమాలే లోపల నిలిచిపోతాయి. 64 ఏళ్ల ఆమెకు ఆ కాలం అంటే 1976 నుంచి 1986 దాకా. అంటే 'శంకరాభరణం' (1980), 'సాగరసంగమం' (1983). ఆ మాటకొస్తే 'ఖైదీ' (1983) కూడా. మీ అమ్మ చిరంజీవి డాన్సు కోసం కాలేజీ ఎగ్గొట్టిన మనిషి అయ్యుండొచ్చు. ఆ సంగతి మీకు చెప్పి ఉండదు, అంతే.

ఎనభై దాటినవాళ్లకు లెక్క వేరు. వాళ్లకు 1960ల సినిమాలు సొంతం. 'గుండమ్మ కథ' (1962) పెడితే సూర్యకాంతం నోరు తెరిచిన ప్రతిసారీ మా ఇంట్లో ఒక చుట్టం పేరు బయటికొస్తుంది. ఆ సినిమాకు అంతకన్నా పెద్ద సిఫారసు అక్కర్లేదు.

ఒకటి మాత్రం చెప్పాలి. మన ఊరి పేరుంది గదా అని చిత్తూరు నాగయ్య 'త్యాగయ్య' (1946), 'యోగి వేమన' (1947)తో మొదలుపెట్టకండి. ఆయన పాట, ఆయన నిదానం నాకు చాలా ఇష్టం. కానీ ఆ కాలపు సౌండు ఇప్పటి టీవీల్లో మూగగా వస్తుంది. చెవులు బాగా పనిచేసేవాళ్లకే కష్టం. తొంభైకి దగ్గరపడ్డ తాత ఎవరైనా ఆ పాట మళ్లీ వినాలని అడిగితే ఆ పాట ఒక్కటి పెట్టండి, చాలు.

భారతం చూసి పెరిగినవాళ్లకు

చిత్తూరు జిల్లా పల్లెల్లో పెరిగినవాళ్లకు మహాభారతం పుస్తకంలో తెలిసిన కథ కాదు. ద్రౌపదమ్మ గుడి దగ్గర రోజుల తరబడి జరిగే తిరునాళ్ల కథ. పగలు హరికథ, రాత్రంతా వీధి నాటకం, ఒక రోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివర్లో నేల మీద మట్టితో పరిచిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర భీముడు తొడ పగలగొట్టడం. ఇవన్నీ కళ్లారా చూసినవాళ్లకు పౌరాణిక సినిమా పెడితే కథ అర్థమవుతుందా అన్న టెన్షనే ఉండదు. పైగా తీర్పులు చెప్తారు. "మా ఊరి దుర్యోధనుడు ఇంతకన్నా బాగా పద్యం ఎత్తేవాడు" అని నాయన అన్నాడంటే ఆ సాయంత్రం బాగా గడిచినట్టే.

వీటిలోనూ ఎంచుకోవడానికి తేడాలున్నాయి. 'మాయాబజార్' ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. దాదాపు మూడు గంటల సినిమా. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో చేసే గోల అంతా రెండో సగంలో ఉంటుంది కాబట్టి పిల్లలు రెండో సగంలో వచ్చి కూర్చున్నా ఫరవాలేదు. 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. మనవళ్లు రంగుల ప్రింటుకైతే కూర్చుంటారు. పెద్దవాళ్లకు రెండూ ఒకటే. చూస్తూ పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి: ఇంత పాండవుల కథలో పాండవులు ఎక్కడైనా కనబడ్డారా? ఒక్కరు కూడా తెర మీదికి రారు. ఈ సంగతి తెలియని పెద్దవాళ్లు కూడా చాలామంది ఉన్నారు, రిమోట్ లాక్కుని వెనక్కి తిప్పి చూస్తారు.

'నర్తనశాల' (1963) నటన చూసి ముచ్చటపడేవాళ్లకు. ఎస్వీ రంగారావు కీచకుడు. ఆ పాత్రకు ఆయనకు జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. కాస్త బరువైన సినిమా, పిల్లలు మధ్యలో లేచిపోతారు. అమ్మ, నాయన, మీరు మాత్రమే ఉన్న రోజు పెట్టుకోండి.

'దాన వీర శూర కర్ణ' (1977) పద్యాలూ డైలాగులూ కంఠతా వచ్చినవాళ్లకు పండగ, మిగతావాళ్లకు పరీక్ష. ఎన్టీఆర్ కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తనే వేసి తనే దర్శకత్వం చేశారు. నిడివి నాలుగు గంటలకు దగ్గర. ఒక్క పూటలో అయ్యే పని కాదు, మూడు సాయంత్రాలకు పంచుకుంటే హాయిగా ఉంటుంది.

'లవకుశ' (1963) దగ్గర మాత్రం కొంచెం ఆగండి. తెలుగులో మొదటి పూర్తి నిడివి రంగుల సినిమా అది. పాటలు బంగారం. కానీ మూడు గంటల పైన సీతమ్మ కష్టాలు. ఏడ్వడం ఇష్టమైన అమ్మలుంటారు, ఏడ్చి తేలికపడతారు, వాళ్లకు అది మందు. ఈ మధ్యే ఇంట్లో ఏదైనా దెబ్బ తగిలి ఉంటే మాత్రం ఆ రోజుకు వద్దు.

స్వామి సినిమాలా, ఎస్వీబీసీ లైవా

తిరుపతిలో ఉండి ఈ మాట ఎత్తకుండా ఉండలేం. మోకాళ్లు పోయి కొండకు పోలేని పెద్దవాళ్లున్న ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువసేపు నడిచే ఛానల్ ఎస్వీబీసీ. 2008 నుంచి దేవస్థానమే నడుపుతోంది. మధ్యాహ్నం 12 గంటలకు కల్యాణోత్సవం లైవ్ వస్తుంది. బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు రాత్రి గరుడ సేవ. ఒకప్పుడు తెల్లవారుజామున లేచి నడక దారిలో కొండెక్కిన మనిషికి ఆ మాడవీధులు టీవీలో చూస్తుంటే ప్రతి మలుపూ గుర్తొస్తుంది. ఇది వినోదం లెక్కలోకి రాదు. పక్కన కూర్చోవాలనుకుంటే ఫోన్ పక్కన పెట్టి కూర్చోండి, లేకపోతే వాళ్లను వాళ్ల స్వామితో వదిలేయండి. మధ్యలో "సినిమా పెట్టనా?" అని మాత్రం అడగొద్దు.

సినిమాల సంగతికొస్తే, స్వామి కథ మొత్తం కావాలంటే 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం' (1960). ఎన్టీఆర్ శ్రీనివాసుడు, సావిత్రి పద్మావతి, శాంతకుమారి వకుళమాత. 'శేషశైలావాస' పాటలో ఘంటసాల స్వయంగా తెర మీద కూర్చుని పాడతారు. ఆ ఒక్క పాట కోసం పెట్టుకున్నా తప్పులేదు. 'అన్నమయ్య' (1997) పాటల సినిమా. అయితే మొదటి సగంలో ఇద్దరు మరదళ్లతో నడిచే పాటలకు మా అమ్మ లేచి వంటింట్లోకి పోతుంది, అన్నమయ్య కొండెక్కాక వచ్చి కూర్చుంటుంది. ఆ సినిమాను అలా సగం నుంచి చూడటంలో ఏ నష్టమూ లేదని నా అభిప్రాయం. హాథీరాం బావాజీ కథతో వచ్చిన 'ఓం నమో వేంకటేశాయ' (2017) కొత్తది, కెమెరా బాగుంటుంది. కొండ మీద మఠం చూసినవాళ్లకు కథ మీద ఆసక్తి ఉంటుంది గానీ, రెండోసారి పెట్టమని మాత్రం మా ఇంట్లో ఎవరూ అడగలేదు. మూడిట్లో ఒక్కటే అంటే నేను 1960 సినిమానే పెడతాను.

సీరియల్‌ను తిట్టకండి

అమ్మ సీరియల్ చూస్తుంటే పిల్లలు వెక్కిరిస్తారు. ఒక్క మాట చెప్పడానికి మూడు సార్లు ముఖాలు చూపిస్తారు, ఉరుము శబ్దం వేస్తారు, నిన్న జరిగింది ఇవాళ మళ్లీ చెప్తారు. నిజమే. కానీ కునుకు పట్టే వయసులో ఈ పద్ధతి ఎంత మేలో ఆలోచించండి. పది నిమిషాలు కన్నంటుకుంటే సినిమాలో కథ తెగిపోతుంది. సీరియల్‌లో ఏమీ తెగదు. పనిమనిషితో మాట్లాడొచ్చు, కుక్కర్ దింపి రావొచ్చు, ఫోన్లో చెల్లెలికి ఆ సీరియల్ గురించే చెప్పొచ్చు. నేను మొదట పెట్టిన కొలతతో చూస్తే, మాట పడినా చెడిపోని వాటిలో సీరియల్‌దే మొదటి స్థానం. పైగా రోజూ ఒకే వేళకు వస్తుంది. ఇంట్లో ఒంటరిగా ఉండే మనిషికి సాయంత్రం ఏడున్నరకు ఒక పని ఉందన్న ధీమా చిన్నది కాదు.

అందుకే సీరియల్ మాన్పించి మంచి సినిమాలు చూపించాలన్న ప్రయత్నం నాకు నచ్చదు. మీరే అటు పోయి కూర్చోండి. "ఈమె ఎందుకట్లా చేసింది?" అని ఒక్క ప్రశ్న వేయండి చాలు, రెండేళ్ల కథ మీ ముందు పెడతారు. కథ సంగతి ఎట్లున్నా, అమ్మ చెప్పే తీరు మాత్రం అసలు సీరియల్ కన్నా వంద రెట్లు బాగుంటుంది.

నాయనలు సాధారణంగా సీరియల్ చూడరు. చూడనట్టు పేపర్ అడ్డం పెట్టుకుంటారు. వాళ్లకు పాటల కార్యక్రమాలు బాగా పనికొస్తాయి. 'పాడుతా తీయగా' 1996లో ఈటీవీలో మొదలైంది. బాలు గారు 2020లో పోయాక ఎస్పీ చరణ్ నడుపుతున్నారు. బాలు గారు నడిపిన పాత ఎపిసోడ్లు వెతికి పెట్టండి. పాట అయిదు నిమిషాలు, ఆ పాట వెనక కథ ఇంకో అయిదు నిమిషాలు, ఆపై మీ నాయన చెప్పే కథ పదిహేను నిమిషాలు. ఆపాలంటే ఎప్పుడైనా ఆపొచ్చు. మతిమరుపు మొదలైన పెద్దవాళ్లకు కూడా ఇదే నా మొదటి ఎంపిక. కథ గుర్తుపెట్టుకునే భారం ఉండదు, పాట మాత్రం చరణాలతో సహా నోటికొస్తుంది. వాళ్లను "ఇది ఏ సినిమా చెప్పు చూద్దాం" అని పరీక్షలు పెట్టొద్దు. పాడితే పాడనీయండి.

కొత్త సినిమాలు: ఏ నొప్పిని తాకుతాయో చూసుకోండి

పెద్దవాళ్ల మీద తీసిన సినిమా కాబట్టి పెద్దవాళ్లకు నచ్చుతుంది అనుకోవడం పొరపాటు. 'మిథునం' (2012) చూడండి. శ్రీరమణ గారి కథ, తనికెళ్ల భరణి దర్శకత్వం, తెర మీద ఇద్దరే మనుషులు, బాలు గారు, లక్ష్మి. తోట, వంట, గిల్లికజ్జాలు. అమ్మా నాయనా ఇద్దరూ ఉన్న ఇంట్లో దీనికి మించింది లేదు. సినిమా అంతా ఒకరి మీద ఒకరు వేలు చూపించుకుంటూ కూర్చుంటారు. కానీ ముగింపులో భర్త పోతాడు. జోడు పోగొట్టుకున్న అమ్మతో, అందులోనూ సంవత్సరీకం ఇంకా కాని ఇంట్లో, ఇది పెట్టకండి. కథ ముందే చెప్పేశానని నన్ను తిట్టుకోవద్దు. ఇట్లాంటి విషయాల్లో కథ ముందే తెలియడమే మంచిది.

'శతమానం భవతి' (2017) సంక్రాంతి సినిమా. విదేశాల్లో ఉన్న పిల్లలను రప్పించడానికి తండ్రి విడాకుల ఎత్తు వేస్తాడు. మీరు ఊళ్లోనే ఉండి అమ్మానాయనల్ని చూసుకుంటున్నవాళ్లయితే నవ్వుతూ చూడొచ్చు. అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చినవాళ్లయితే, ఆ మూడు వారాల్లో ఇది పెట్టుకోవడం ఏరి కోరి ముల్లు గుచ్చుకోవడమే. అయినా కొందరు అమ్మలు కావాలనే ఈ సినిమా పెట్టిస్తారు. అప్పుడు నోరు మూసుకుని చూడటం తప్ప దారి లేదు.

'బలగం' (2023) ముసలాయన చావుతో మొదలై, పిండం కాకి ముట్టకపోవడం చుట్టూ తిరుగుతుంది. తెలంగాణ పల్లె, తెలంగాణ మాట. మనవైపు పెద్దవాళ్లకు కొన్ని మాటలు కొత్తగా ఉంటాయి గానీ, కాకి సంగతి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆస్తి దగ్గరో మర్యాద దగ్గరో మాటలు ఆగిపోయిన అన్నదమ్ములు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఈ సినిమా అయ్యాక మా చుట్టాల్లో ఒక పెద్దాయన లేచి తన తమ్ముడికి ఫోన్ చేశాడు. అందరి ఇళ్లలో అట్లా జరుగుతుందని చెప్పను. కొందరు చావు సినిమా చూడటానికే ఒప్పుకోరు. ముందే అడగండి, "చావుతో మొదలవుతుంది, పెట్టనా?" అని. దాచిపెట్టి పెట్టడం కన్నా అదే మర్యాద.

వీటన్నిటిలో నేను కళ్లు మూసుకుని పెట్టేది 'సత్యం సుందరం' (2024). తమిళంలో 'మెయ్యళగన్'. ఊరు వదిలి వెళ్లిన మనిషి పెళ్లికని సొంతూరుకు వస్తాడు, ఒక చుట్టం వాడిని వదలకుండా వెంట తిరుగుతాడు, ఆ చుట్టం పేరు మాత్రం వీడికి గుర్తురాదు. అంతే కథ. కొట్లాట లేదు, విలన్ లేడు. పేరు గుర్తురాక నీళ్లు నమలడం అన్నది డెబ్బై ఏళ్లవాళ్లకు ఎంత దగ్గరి విషయమో చెప్పక్కర్లేదు. నిదానంగా నడుస్తుంది, మధ్యలో పది మాటలు మాట్లాడుకున్నా ఏమీ పోదు. మీకు నిదానం ఎక్కువనిపిస్తే ఓర్చుకోండి, అది మీ కోసం పెట్టింది కాదు.

ఇంత బరువు వద్దు, ఊరికే నవ్వుకోవాలంటే గుంటూరు హోటల్ కథ 'మిడిల్ క్లాస్ మెలోడీస్' (2020) బాగుంటుంది. అందులో తండ్రి పాత్ర తిట్లకు మీ నాయన మిమ్మల్ని చూసి నవ్వుతాడు, సిద్ధంగా ఉండండి.

సస్పెన్స్ కావాలని పట్టుపట్టే పెద్దవాళ్లూ ఉన్నారు. వాళ్లకు వెంకటేశ్ 'దృశ్యం' (2014). కథ వరసగా నడుస్తుంది, ఇంట్లో జరిగే కథ, కూతుర్ని కాపాడుకునే తండ్రి. ముందుకూ వెనక్కూ దూకే కథనాలకన్నా ఇదే నయం. ఒక ఫ్లాష్‌బ్యాక్ లోపల ఇంకో ఫ్లాష్‌బ్యాక్ ఉన్న సినిమాలు మీరు ఒక్కరే చూసుకోండి.

మన యాస సినిమా సంగతి

'పుష్ప' (2021) పెట్టాలా వద్దా అని చాలామంది అడుగుతారు. శేషాచలం అడవి, ఎర్రచందనం, చిత్తూరు మాట. హీరో నోట మన మాట వినగానే పెద్దవాళ్ల ముఖం వెలుగుతుంది, తర్వాత "మనం ఇట్లా యాడ మాట్లాడతాం?" అని తగువు మొదలవుతుంది. ఆ తగువు బాగుంటుంది. కానీ నరుకుళ్లు ఎక్కువ, సౌండు ఎక్కువ, నిడివి మూడు గంటలు. రెండో భాగం (2024) 3 గంటల 20 నిమిషాలు. నా సలహా, రెండో భాగంలో జాతర ఘట్టం ఒక్కటే తీసి చూపించండి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్లు ఆడ వేషం కట్టి మొక్కు తీర్చుకోవడం చిన్నప్పటి నుంచి చూసినవాళ్లు, తెర మీద మాతంగి వేషాన్ని చూసి ఏది సరిగ్గా చేశారో ఏది సినిమా కోసం కలిపారో విడదీసి చెప్తారు. మొక్కు వేషాల గురించి మీరు వినని సంగతులు నాలుగు బయటికొస్తాయి. ఆ తర్వాత వచ్చే కొట్లాటకు ముందే ఆపేయండి.

పుత్తూరు, నగరి, చిత్తూరు వైపు అమ్మలకు

సరిహద్దు ఊళ్ల పెద్దవాళ్లకు తమిళం తెలుగంత బాగా వచ్చు. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. పుట్టిల్లు అటు, అత్తిల్లు ఇటు అయిన ఆడవాళ్లు కొల్లలు. పిల్లలు ఈ సంగతి మరచి అన్నీ తెలుగు డబ్బింగులో పెడతారు. అమ్మ చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో చూసింది శివాజీ గణేశన్‌ను తమిళంలోనే. 'తిరువిళైయాడల్' (1965), 'తిల్లానా మోహనాంబాళ్' (1968) పెట్టి చూడండి. తమిళం వచ్చిన మనిషికి 'సత్యం సుందరం' కూడా తమిళంలో పెట్టడమే మేలు.

దీనికి ఇంకో కారణం ఉంది. వినికిడి తగ్గినవాళ్లు తెలియకుండానే పెదవులు చూసి మాట పట్టుకుంటారు. డబ్బింగులో పెదవి ఒకటంటుంది, మాట ఒకటి వినిపిస్తుంది. చెవికి అందనిది కంటికీ అందదు. మలయాళం సినిమాలు ఎంత బాగున్నా మా ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర నిలబడకపోవడానికి ఇదే కారణమని నాకు అనిపిస్తుంది. కథలో తప్పు లేదు. కాబట్టి డబ్బింగు సినిమాకూ అదే కథ తెలుగులో మళ్లీ తీసిన సినిమాకూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే, మీకు అసలుదే ఎంత గొప్పగా కనబడినా, తెలుగులో తీసింది పెట్టండి.

వెబ్ సిరీస్ ఎప్పుడు

చాలా సిరీస్‌లు పెద్దవాళ్లతో కూర్చుని చూసేవి కావు. బూతు మాట, పడకగది సీను చెప్పి రావు. ఒక్కసారి అట్లాంటిది తగిలితే ఆ తర్వాత నెల రోజులు అమ్మ మీరు ఏది పెట్టినా అనుమానంగానే చూస్తుంది. తెర మూలన ముందే ఒక గుర్తు పడుతుంది, అది చూసే అలవాటు చేసుకోండి. 2021 నిబంధనల ప్రకారం ఓటీటీలో యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అని వేయాలి. పక్కనే హింస, భాష, శృంగారం అని కారణం కూడా ఉంటుంది. సెన్సార్ బోర్డు కూడా 2024 నుంచి సినిమాలకు ఇలాంటి వయసు గుర్తులు ఇస్తోంది. పెద్దవాళ్లతో అయితే 13+ దాటొద్దన్నది నా గీత. మీ ఇంట్లో గీత వేరే చోట ఉండొచ్చు.

చూడదగ్గవాటిలో '90స్: ఏ మిడిల్ క్లాస్ బయోపిక్' (2024, ఈటీవీ విన్) ముందు చెప్తాను. లెక్కల మాస్టారి ఇల్లు, ముగ్గురు పిల్లలు, ఆరు భాగాలు. ఇది మీ చిన్నప్పటి కథ, వాళ్ల నడి వయసు కథ. ఇద్దరికీ చెప్పుకోవడానికి ఉంటుంది. ఫీజుల కోసం ఎక్కడ అప్పు చేశారో అప్పుడు చెప్పని మాట ఇప్పుడు చెప్తారు.

దీనికన్నా తేలిక 'అమృతం'. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది, ఇప్పుడు యూట్యూబ్‌లో ఉంది. హోటల్ పెట్టుకున్న ఇద్దరు మిత్రులు, ప్రతిసారీ కొత్త తిక్క. చాలా భాగాలు దేనికది ముగుస్తాయి కాబట్టి నిన్నటిది గుర్తులేకపోయినా చింత లేదు. అమృతం పాత్రధారులు మధ్యలో మారుతుంటారు. "మొన్న వేరే ఆయన గదా?" అన్న ప్రశ్న తప్పదు. అంజిగా గుండు హనుమంతరావు మాత్రం ఉంటారు, దాంతో సర్దుకుంటారు.

వినబడటం, కనబడటం

ఏది ఎంచుకున్నా వినబడకపోతే వృథా. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నటి శబ్దాలు. స, శ, త, క లాంటి హల్లులు చెదిరిపోతాయి. మాట వినిపిస్తుంది, ఏమన్నారో తెలియదు. వాల్యూమ్ పెంచితే నేపథ్య సంగీతం కూడా పెరుగుతుంది, మాట అక్కడే ఉంటుంది. పాత సినిమాల్లో నాటకం నుంచి వచ్చిన నటులు ప్రతి అక్షరం పలుకుతారు, మాట కింద సంగీతం తక్కువ. కొత్త సినిమాల్లో హీరో గొణుగుతాడు, వెనక డ్రమ్ములు మోగుతాయి. పాతవి పెద్దవాళ్లకు తేలిగ్గా ఉండటంలో అభిమానం సగమైతే ఇది సగం.

టీవీ సౌండ్ సెట్టింగులో మాట స్పష్టంగా వినిపించే ఏర్పాటు ఒకటి ఉంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. అది వేయండి. యాప్‌లో 5.1 ఆడియో ఉంటే మార్చి స్టీరియో పెట్టండి, విడిగా స్పీకర్లు లేని టీవీలో మాట కాస్త ముందుకొస్తుంది. కుర్చీ పక్కన ఒక చిన్న స్పీకర్ పెడితే ఇంకా మేలు. హెడ్‌ఫోన్ మాత్రం ఒంటరిగా చూసేటప్పటికే. చెవులు మూసేస్తే పక్కన మీరెందుకు? తెలుగు సినిమాలకు ఎక్కువగా ఇంగ్లీషు సబ్‌టైటిల్సే ఉంటాయి కాబట్టి వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

శుక్లాలున్న కళ్లకు చీకటి సినిమాలు పనికిరావు. రాత్రి అడవిలో, సందుల్లో నడిచే కథ అంతా వాళ్లకు నల్లటి తెరే. పగటి వెలుగులో తీసిన ఇంటి కథలు నయం. ట్యూబ్‌లైటు టీవీ అద్దం మీద పడకుండా చూసుకోండి.

ఏ సినిమా ఏ యాప్‌లో ఉందన్నది మారుతూ ఉంటుంది. ఈ రోజున్నది వచ్చే నెలకు ఉండకపోవచ్చు. పాతవి ఎక్కువగా యూట్యూబ్‌లో దొరుకుతాయి గానీ ఒకే సినిమాకు పది ప్రింట్లు ఉంటాయి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి వెతకొద్దు, ముందు రోజే రెండు నిమిషాలు విని మంచి ప్రింటు చూసి పెట్టుకోండి.

థియేటర్‌కు తీసుకుపోవాలనుకుంటే

పండక్కి థియేటర్ అనేది మన ఊళ్లో ఆచారం లాంటిది. పెద్దవాళ్లూ సరదాపడతారు. కానీ విడుదలైన మొదటి రోజుల్లో ఈలలు, అరుపులు, నేల నిండా చించిన కాగితాలు. రెండో వారంలో, వారం మధ్యలో మ్యాట్నీకి పోండి. ఏసీ గట్టిగా పెడతారు, శాలువా తీసుకోండి. దారి పక్క సీటు, మెట్లు ఎక్కువ లేని వరుస బుక్ చేయండి, బాత్రూం ఎటువైపో ముందే చూసుకోండి. నీళ్ల మాత్ర వేసుకునేవాళ్లయితే ఆ రోజు దాన్ని ఏ వేళకు వేసుకోవాలో డాక్టర్‌ను అడిగి పెట్టుకోండి. షుగర్ ఉన్నవాళ్లు తినే వేళ తప్పకుండా ఆట టైము చూసుకోవాలి.

ఏ సినిమాకు పోదామని అడిగితే "నీ ఇష్టం" అంటారు. ఆ మాట నమ్మకండి. మూడు పేర్లు చెప్పండి, ఎవరెవరు నటించారో చెప్పండి. ఏ పేరు దగ్గర "ఆయనా?" అన్నారో దానికి టికెట్లు తీయండి.